సావుకారు కుట్టిన పురిటి బొంత

ఆషాఢంలో బట్టల కొట్టుకు బేరాలుండవు. పెళ్లిళ్లుండవు, పండుగలుండవు, రైతుల చేతులు నారుమళ్లలో ఉంటాయి. బొబ్బిలి బజారులో ముప్పయ్యేళ్లుగా గుడ్డలమ్ముతున్నాను. ఆ నెలలో కొట్లో కూర్చోవడమంటే ఈగలకు కాపలా కాయడమే. అందుకని అరవై ఎనిమిదో సంవత్సరం ఆషాఢంలో నా భార్య అప్పలనరసమ్మ నూతి గట్టు మీద కాలు జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నప్పుడు, ఇంటి పని నా మీద పడినా వ్యాపారానికి నష్టం లేదని లెక్క వేసుకున్నాను. ఆ లెక్కలో ఒకటి వదిలేశాను. మా అమ్మాయి బుజ్జమ్మ తొలికాన్పుకు శ్రీకాకుళం నుంచి వచ్చి ఇంట్లోనే ఉంది. పురుడు రావడానికి ఇంకా పాతిక రోజులే ఉన్నాయి. పురిటి బొంత మొదలే కాలేదు.

పుట్టిన బిడ్డను పడుకోబెట్టే మొదటి బొంత మా ఇళ్లలో అమ్మగారింటి మనిషి చేతి మీదుగానే కుట్టాలి. కొన్నది పనికిరాదు, కుట్టించింది పనికిరాదు. కడుపుతో ఉన్న పిల్ల సూది పట్టకూడదు. అప్పలనరసమ్మ చెయ్యి ఎముకల వైద్యుడు నూకయ్య కట్టిన వెదురు బద్దల మధ్య ఉంది. నలభై రోజుల లోపు విప్పితే తన పూచీ లేదని అతను చెప్పి వెళ్లాడు. ఇక ఇంటి మనిషంటే నేనొక్కడినే మిగిలాను.

"మరేటి చేస్తారు? మీరే కుట్టండి," అంది అప్పలనరసమ్మ మంచం మీంచి.

"నేనా?"

"గుడ్డ సంగతి మీకు తెలవందేటున్నాది? ఏ తానులో ఎన్ని పోగులున్నాయో కళ్లు మూసుకుని చెప్పీగలనని పెళ్లయిన కాడ్నుంచీ చెప్తన్నారు గదా."

చెప్పిన మాట నిజమే. నేను లెక్క కట్టాను. బొంత రెండు మూరల పొడుగు, మూరన్నర వెడల్పు. వేలెడు ఎడంతో వరసలు వేస్తే ముప్పయ్యారు వరసలు. రోజుకు నాలుగు వరసలు వేస్తే తొమ్మిది రోజుల పని. ఇంకా పదహారు రోజులు చేతిలో మిగులుతాయి. ఆ సాయంత్రమే కొట్లోంచి ముద్దొచ్చే పువ్వుల ఫ్లానెలు గుడ్డ రెండు మీటర్లు తెంపి పట్టుకొచ్చాను.

తల్లీ కూతుళ్లిద్దరూ దానివంక చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కొత్త గుడ్డతో బొంతేటి నాన్నా?" అంది బుజ్జమ్మ. "నీ మనవడేమైనా పెళ్లికొడుకా?"

బొంతకు పాత గుడ్డే కావాలన్న సంగతి కొత్త గుడ్డలమ్మేవాడికి ఎవరూ చెప్పరు కదా. బుజ్జమ్మ భోషాణం తెరిచి అడుగునుంచి రెండు చీరలు తీసింది. రెండూ మా అమ్మవి. పొందూరు నేత చీరలు, ఒకటి గోధుమ రంగు, ఒకటి తెలుపు మీద నీలం గీతలు. ఉతికి ఉతికి అరటాకు పొరలాగా అయిపోయాయి, చిరిగింది పోగా ఒక్కోదాంట్లో ఒక బొంతకు సరిపడేంతే మిగిలింది. బుజ్జమ్మ చిన్నప్పుడు ఆరేళ్లు ఆవిడ పక్కలోనే పడుకుంది.

"నాయనమ్మ చీర మీదే పడుకోవాల నా పిల్ల," అంది.

మా అమ్మ చీరల్లో మిగిలినవి ఈ రెండే. కొట్టు నిండా తానులున్నాయి. శ్రావణానికి ఇంకా సరుకు దిగుతుంది. అందులో ఏ తాను చిరిగినా దానికి బదులు ఇంకోటి తెప్పించగలను. ఈ రెండింటికీ బదులు తెప్పించే ఊరు లేదు. చీరలు చేతిలోకి జాగ్రత్తగా తీసుకున్నాను.

నేర్పడానికి దాలమ్మను పిలిపించాం. బొబ్బిలి పక్కనే ఆవిడ ఊరు. అరవయ్యేళ్లుంటాయి. చుట్టుపక్కల నాలుగూళ్లలో బొంత కుట్టాలంటే ఆవిడే. నా కొట్లో పాత ఖాతాదారు కూడా. వచ్చి చావడిలో చాప మీద కూచుని, తాంబూలం బుగ్గన పెట్టి, ముందే షరతు చెప్పేసింది.

"నాను సూది ముట్టను బాబూ. నాను ముడితే మీ ఆచారం సెడిపోద్ది. నోటితో సెప్తాను, నువ్వు సేతితో సెయ్యి."

"నీకేం ఇవ్వమంటావు దాలమ్మా?"

"ఏటీ వద్దు. సావుకారు బొంత కుడతంటే సూడ్డానికి మా ఊరోళ్లు డబ్బులెట్టి వస్తారు. నాను ఊరికే సూస్తన్నాను."

ఆవిడ చెప్పిన మొదటి రోజు పాఠం ఇదీ. పాత పంచెలు నాలుగు పొరలు పరిచి, మీద మంచి చీర పరవాలి. జరీ అంచు ఉంటే కత్తిరించి పారెయ్యాలి, పసిబిడ్డ ఒళ్లు గీసుకుపోతుంది. మధ్యనుంచి బయటికి అరచేత్తో నిమిరి ముడతలు తియ్యాలి. ముడి ఎప్పుడూ పొరల మధ్యన దాచాలి. కుట్టు బియ్యపు గింజంత ఉండాలి. నేను సూదిలో బారెడు దారం ఎక్కించబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"మూరెడు సాలు. మాటిమాటికీ ఎక్కించనేక బారెడు దారం ఎక్కించినోడు, కుట్టినంత సేపు ముడులిప్పుకుంటా కూకుంటాడు."

ఇందులో వ్యాపారికి కొత్త ఏమీ లేదు. తక్కువ సరుకు తెచ్చి తొందరగా అమ్ముకొమ్మని మా నాన్న కూడా చెప్పేవాడు. నేను గోధుమ రంగు చీర పరిచి, నాలుగు మూలలా ఇత్తడి చెంబులు పెట్టి, పని మొదలుపెట్టాను. దాలమ్మ తన ఊళ్లో పనుందని మళ్లీ నాలుగో రోజు వస్తానని వెళ్లింది.

మూడు రోజుల్లో పన్నెండు వరసలు వేశాను. వేళ్లు తూట్లుపడ్డాయి గాని వరసలు తిన్నగా వచ్చాయి. మీటరు కడ్డీ పెట్టి గీత గీసినట్టు ఉన్నాయి. అప్పలనరసమ్మ మంచం మీంచి మెడ సాచి చూసి, "బాగానే ఉన్నాయండీ," అంది. అంత మాట ఆవిడ నోటంట రావడం నాకు జ్ఞాపకం లేదు. నాలుగో రోజు దాలమ్మ వచ్చేసరికి గర్వంగా చెంబులు తీసి, బొంత ఎత్తి చూపించాను.

బొంత నా చేతుల్లో ముడుచుకుపోయింది. నూనెలో వేసిన అప్పడంలాగా నాలుగు అంచులూ పైకి లేచాయి. కింది పంచెలు సంచిలాగా వేలాడాయి. చాప మీద పడేసి అరచేత్తో ఎంత అదిమినా మళ్లీ లేచి కూచుంది.

"ఇదేటి బాబూ," అంది దాలమ్మ, "పిల్లని ఇందులో పడుకోబెడతారా, మూటగడతారా?"

బుజ్జమ్మ నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుంది. "నాన్నా, నన్ను నవ్వించకు. ఇక్కడే పురుడొచ్చీగలదు."

దాలమ్మ మాత్రం బొంత వైపు చూడడం మానేసి నా చేతుల వైపు చూసింది. "మళ్లీ కుట్టు. నాలుగు కుట్లు వెయ్యి," అంది. నేను వేశాను. రెండో కుట్టుకే ఆపింది.

"ఆగు! ఆ ఎడం సెయ్యేటి సేస్తన్నాది?"

చూసుకున్నాను. కుడిచేత్తో సూది దించేముందు, నా ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ చీర అంచు పట్టుకుని నావైపు లాగుతున్నాయి. కుట్టు కుట్టుకీ లాగుతున్నాయి. నేను లాగుతున్నానని నాకే తెలియదు.

బట్టల వర్తకంలో పుట్టినవాడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. గుడ్డ కొలిచేటప్పుడు కడ్డీ వెంట బిగించి కొలుస్తాం. కొనేవాడి కళ్లు కడ్డీ మీద ఉంటాయి, గుడ్డ మన వేళ్లలో ఉంటుంది. కొలతకు ఒక వేలెడు గుడ్డ మనకు మిగులుతుంది. మా నాన్న నాకు పన్నెండో ఏట నేర్పాడు. "లాగినట్టు కనపడకూడదు, లాగకుండా ఉండకూడదు" అనేవాడు. గజాలు పోయి మీటర్లొచ్చాయిగాని, వేళ్లు పాతవే ఉన్నాయి. పై చీరను సాగదీసి సాగదీసి, సాగని పంచెలకు కుట్టేశాను. చెంబులు తియ్యగానే చీర తన కొలత తాను అడిగింది.

దాలమ్మకు ఇదంతా నేను చెప్పలేదు. ఆవిడే నోట్లో తాంబూలం ఆపి, నా ఎడమచేతిని కాసేపు చూసి, నెమ్మదిగా అంది.

"ఇరవయ్యేళ్ల బట్టీ నీ కొట్లోనే రయికగుడ్డ కొంటన్నాను బాబూ. కుట్టించిన పెతీ రయికా బిగుసుకుపోతన్నాది. నాను లావెక్కిపోతన్నాననుకుని, ఒక ఏడాది రేత్రి పూట తిండి కూడా మానీసినాను!"

అప్పలనరసమ్మ అంత గట్టిగా నవ్వడం పెళ్లయ్యాక మూడోసారో నాలుగోసారో. విరిగిన చెయ్యి కదిలి నొప్పెట్టినా ఆపలేదు. నేను విప్పడానికి మొదటి ముడి వెతుక్కున్నాను. అలాంటి చోట వాదించినవాడు రెండింతలు నష్టపోతాడు.

నవ్వుకన్నా పెద్ద నష్టం ఆ తర్వాత జరిగింది. పన్నెండు వరసలూ విప్పాలి. విప్పుతూ విప్పుతూ తొమ్మిదో వరస దగ్గర గోధుమ రంగు చీర సర్రుమని చిరిగింది. మూరెడు పొడుగున. అది పాత చీర, కుట్టు ఒకసారి భరిస్తుంది గాని విప్పడం భరించదు. బుజ్జమ్మ నవ్వు ఆగిపోయింది. చిరిగిన చోట వేళ్లు పెట్టి రెండంచులూ దగ్గరికి చేర్చి చూసింది. కలవలేదు.

"ఇంకోటి ఉన్నాది గదా నాన్నా," అంది. ఆ మాట నాకోసం అన్నది.

ఒక్కటి ఉంది. నీలం గీతల చీర. దాన్ని కుట్టి విప్పడానికి వీల్లేదు. మొదటిసారే సరిగ్గా రావాలి. బుజ్జమ్మకు ఇంకా ఇరవై రోజులు. నా చేతికేమో ముప్పయ్యేళ్ల అలవాటు.

"ఈ సెయ్యిని మాన్పించినాకే ఆ సీర ముట్టుకో," అంది దాలమ్మ. తన సంచిలోంచి ఒక గుండ్రటి ఎండు వక్క తీసి నా ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టింది. "దీన్ని పట్టుకో. మిగతా మూడు వేళ్లూ గుడ్డ మీద ఆనించు. అంతే. గుడ్డని పట్టుకోకు, అదమకు. నువ్వు గుడ్డ లాగబోతే వక్క జారిపోతాది."

పాత తువ్వాలు మీద కుట్టడం మొదలుపెట్టాను. రెండో కుట్టుకే వక్క గచ్చు మీద టక్కున పడి మంచం కిందికి దొర్లింది.

"పడిందండీ," అంది అప్పలనరసమ్మ.

"వినపడింది."

"తీసుకోండి మరి."

ఆ రోజు ముప్పయ్యేడు సార్లు పడింది. లెక్కపెట్టింది నేను కాదు, మంచం మీద పనిలేకుండా ఉన్నావిడ. రెండోరోజు ఇరవై రెండు. మధ్యాహ్నం నిద్రలో కూడా ఆ చప్పుడు వింటే "పడిందండీ" అనేది.

నాలుగు రోజులైనా అయిదారుకంటే తగ్గలేదు. కారణం ఏమిటో ఆలోచించాను. పొద్దున్నా సాయంత్రం కొట్లో కూచుని లాగుతున్నాను, మధ్యాహ్నం ఇంట్లో లాగవద్దంటున్నాను. ఒకే చెయ్యి రెండు ధర్మాలు పాటించదు. ఎంతగా బేరీజు వేసినా ఒకటే తేలింది. బొంత అయ్యేదాకా కొట్లో కూడా లాగడం మానాలి. మీటరుకు వేలెడు చొప్పున నష్టం. సరే, ఆషాఢమే కదా, కొలిచేదే తక్కువ అనుకుని మొదలుపెట్టాను.

ఆ మర్నాడు జగన్నాధం అనే రైతు చొక్కా గుడ్డకొచ్చాడు. నేను గుడ్డను కడ్డీ పక్కన పరిచి, అరచేత్తో నిమిరి, లాగకుండా కొలిచాను. అతను నా చేతుల్ని, నా మొహాన్ని, గుడ్డని మార్చి మార్చి చూశాడు.

"ఏటి సావుకారూ, ఇంత వొదులుగా కొలస్తన్నావు? తానులో పురుగ్గానీ కొట్టిందేటి?"

"లేదయ్యా. మంచి సరుకే."

"మంచి సరుకైతే ఇలగెందుకిస్తావు?" అని గుడ్డను వెలుతురుకి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, చిల్లు కనపడక మరింత అనుమానపడి, ఎదురు కొట్టుకు వెళ్లిపోయాడు. అక్కడ బిగించి కొలిపించుకుని తృప్తిగా ఇంటికెళ్లాడు.

అయినా వదులుగా కొలవడం మానలేదు. ఆరో రోజు మధ్యాహ్నం ఒక వరస మొత్తం వేశాను, వక్క పడలేదు. అప్పలనరసమ్మ అనుమానంగా మంచం దిగి వచ్చి, నా వేళ్ల మధ్య వక్క ఉందో లేదో చూసి వెళ్లింది.

అప్పుడు నీలం గీతల చీర తీశాం. దాలమ్మ చెప్పినట్టు పరిచి, నీళ్లు చిలకరించి, ఒక పూట దాని మానాన దాన్ని వదిలేశాం. "గుడ్డ ఎలగ పడుకుంటే అలగే కుట్టాల. నువ్వు పడుకోబెట్టకు," అంది ఆవిడ. అలాగే కుట్టాను. రోజుకు నాలుగు వరసలని లెక్క వేసుకున్నానుగాని మూడే సాగాయి. ప్రతి వరసకీ బొంత ఎత్తి చూసుకునేవాణ్ణి. చదునుగానే ఉంది. ఇప్పుడు నా లెక్కలో మిగులు రోజులు లేవు. ఉన్నవి పద్నాలుగు. పన్నెండు చాలు.

పిల్లలు లెక్కకు పుట్టరు. ముప్పయ్యో వరస పూర్తయిన మర్నాడు పొద్దున్నే బుజ్జమ్మకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని మరిడమ్మ వచ్చి లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. అప్పలనరసమ్మ ఒంటిచేత్తో లోపలికి వెళ్లింది. కొట్టు తెరవలేదు. చావడిలో నేనూ, దాలమ్మా, ఆరు వరసలు మిగిలిన బొంతా.

లోపల్నుంచి బుజ్జమ్మ మూలుగు వినపడ్డప్పుడల్లా నా సూది ముందుకు పరిగెత్తేది.

"బియ్యపు గింజ బాబూ," అనేది దాలమ్మ. "ఇది సింతపిక్కయిపోతన్నాది."

"టైము లేదు దాలమ్మా."

"నీ కూతురుకి నేని తొందర నీకేటి? దాని పని దాన్ని సెయ్యనీ. నీ పని నువ్వు సెయ్యి."

"ఒక్క వరస నువ్వు వెయ్యకూడదా? ఎవరు చూడొచ్చారు?"

"నాను సూస్తన్నాను గదా," అందావిడ.

మూడు వరసలయ్యాయి. నాలుగయ్యాయి. అయిదో వరస మధ్యలో బుజ్జమ్మ అరిచిన అరుపుకు నా ఎడమచెయ్యి చీరను పిడికిలి పట్టుకోబోయింది. వక్క జారి పడింది. నేను సూది వదిలేసి, ఆ చెయ్యిని మోకాలి కింద పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. దాలమ్మ వక్క ఏరి మళ్లీ నా వేళ్ల మధ్య పెట్టింది.

చివరి వరస ఇంకా జానెడు ఉండగా లోపల పసిబిడ్డ ఏడుపు వినపడింది.

నేను లేవబోయాను. దాలమ్మ మోకాలు మీద చెయ్యేసి కూచోబెట్టింది. "నీళ్లు పోస్తారు, ఒళ్లు తుడుస్తారు, బొడ్డు సూస్తారు. జానెడు కుట్టుకి సాలినంత టైముంది."

కుట్టాను. చివరి ముడి పొరల మధ్యకు తోసి దారం తెంపాను. తెంపుతుండగానే తలుపు సందులోంచి అప్పలనరసమ్మ ఎడమచెయ్యి బయటికొచ్చింది. బొంత అందించాను. చెయ్యి లోపలికెళ్లింది. తలుపు మూసుకుంది.

మగవాడు పురిటిగదిలోకి వెళ్లకూడదు. తలుపుకు చెవి ఆనించాను. ఏడుపు కాసేపు సాగింది, తగ్గింది, ఆగింది. ఆగడమంటే ఏమిటో నాకర్థం కాలేదు. బొంత చదునుగా పరుచుకుందా? అంచు లేచిందా? ఏ వరసైనా పిల్ల వీపుకు గుచ్చుకుందా?

"ఏమే! ఎలాగుంది? ముడత పడిందా?" అని అరిచాను.

అప్పలనరసమ్మ తలుపు వేలెడంత తెరిచింది.

"ఆడపిల్ల. బొంత మీద పడుకున్నాది. మీరరవకండి," అని మూసేసింది.

నేను చాప మీదికి వచ్చి కూచున్నాను. దాలమ్మ నా మొహం చూసి, తాంబూలం చుట్టి నాకిచ్చింది.

బయట వాన మొదలైంది. అది మూడు రోజులు ఆగలేదు. ఆ సాయంత్రానికే మనవరాలు బొంతను రెండుసార్లు తడిపింది. ఉతికి దండెం మీద వేస్తే, మర్నాటికీ నీళ్లోడుతూనే ఉంది. పిల్లను తువ్వాళ్లలో పడుకోబెట్టారు. లోపల్నుంచి బుజ్జమ్మ గొంతు, అలిసిపోయి ఉన్నా నవ్వుతూనే, అడిగింది.

"నాన్నా, రెండో బొంత ఎప్పుడవుద్ది?"

"రెండోదా?"

"ఒక్క బొంతతో పిల్ల పెరుగుతాదేటి సావుకారూ?" అంది దాలమ్మ. "నాలుగైనా కావాల. శ్రావణం వానలు ముందున్నాయి."

ముప్పయ్యేళ్ల వ్యాపారంలో ఒక్కగానొక్క సరుకుతో కొట్టు తెరిచినవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఇంట్లో నేనే ఆ పని చేశాను. చీరలు అయిపోయాయి. దేంతో కుట్టాలని అడిగితే, అప్పలనరసమ్మ ఎడమచేత్తో నా బట్టల పెట్టె తెరిచి పంచెలు ఒక్కొక్కటే తీసి చూడసాగింది. ఒకటి పట్టుకుని నలిపి చూసి, "ఇది," అంది.

"అది కాదు. అది ఇంకా రెండేళ్లు కడతాను."

"పిల్ల రెండేళ్లు ఆగుతాదా?"

"ఆ పక్కది తీసుకో. దానికి చిల్లులున్నాయి."

"దీనికి మెత్తదనమున్నాది. తాత పంచె మీద పడుకుంటాది, వంశం అరిగిపోదులెండి. పరవండి."

ఇంకొంచెం బేరమాడి చూశాను. సాగలేదు. చాప మీద పంచె పరిచి, మధ్యనుంచి బయటికి అరచేత్తో నిమరడం మొదలుపెట్టాను.